వార్తాహరుల బూట్లు – తంగేడు చెక్క

చరిత్ర అనగానే మనకు రాజులు, కోటలు, శాసనాలు జ్ఞాపకం వస్తవి. కాలికి తొడుక్కొనే వస్తువుకు గూడ చరిత్ర ఉన్నదంటే నవ్వేవారు లేకపోలేదు. కాని పదునాలుగేండ్లు కోసలరాజ్యాన్ని ఏలినవి పాదుకలే గదా! పాదుకను నెత్తిన పెట్టుకొన్న కథను భక్తితో చెప్పుకొనే మనమే, పాదుకను కుట్టినవానిని మాత్రం వాకిటి బయట నిలబెట్టినాము. ఈ రెండవ సంగతి గూడ చరిత్రే.

ఈ ఉగాది సంచికకు మేము ఎన్నుకొన్న విషయం గత రెండు ప్రపంచయుద్ధాలలో మోటారు సైకిళ్లమీద ఉత్తరువులు మోసిన బ్రిటిషు వార్తాహరుల బూట్లు. ఇంగ్లండు బూట్లతో తమిళదేశంలో స్థిరపడిన తెలుగువారికి ఏమి పని అని పాఠకులు అడుగవచ్చును. పని కలదు. మొదటి యుద్ధకాలంలో బ్రిటిషు సైనికుల బూట్ల పైతోలులో ముఖ్యమైన భాగం ఇండియానుండి పోయినది. అందులో మదరాసు రాజధాని వాటా పెద్దది. ఆ తోలును ఊనడానికి వాడినది మన తంగేడు చెక్క. ఊనిన చేతులలో తెలుగు మాట్లాడే ఇండ్లవారి చేతులు ఉన్నవి.

పాత సైనిక మోటారు సైకిళ్లను ప్రాణంగా చూచుకొనేవారు నేడు అనేక దేశాలలో ఉన్నారు. వారు బండితోబాటు ఆ కాలపు బూట్లను గూడ వెదికి సంపాదిస్తారు. ఎనభై ఏండ్లు దాటిన బూటు చినిగితే దానిని బాగుచేయించాలా, లేక పక్కన పెట్టి క్రొత్త నకలు కొనాలా అనేది వారికి తరచు ఎదురయ్యే ప్రశ్న. చూడడానికి ఇది చెప్పులంగడి ప్రశ్న. కాని పాతదానిని ఉద్ధరించడమంటే ఏమిటి, అందులో దేనిని కాపాడాలి అని ఆలోచిస్తే ఇది మనందరి ప్రశ్న అవుతుంది.

కబురు మోసిన కాళ్లు

1914 ఆగస్టులో యుద్ధం మొదలైనప్పుడు బ్రిటిషు సేనకు ఒక చిక్కు వచ్చింది. సేనాని ఒకచోట, పోరాడే దళాలు ఇంకొకచోట. టెలిఫోను తీగ వేస్తే ఫిరంగిగుండు పడి తెగిపోయేది. గుర్రం అలసిపోయేది. అప్పుడు మోటారు సైకిలు అక్కరకు వచ్చింది. బండి నడపడం తెలిసిన యువకులు కావాలని పిలువగా కాలేజీ విద్యార్థులు చాలమంది ముందుకు వచ్చినారు. వారిని చేర్చుకొంటూనే కార్పొరల్ హోదా ఇచ్చినారు. వాట్సన్ అనే ఆక్స్‌ఫర్డు విద్యార్థి ఆ విధంగా చేరి, తన అనుభవాలను 1915లో పుస్తకంగా ప్రకటించినాడు.

వీరిని ఇంగ్లీషులో డిస్పాచ్ రైడర్లు అంటారు. ఆనాడు వీరు రాయల్ ఇంజనీర్ల దళంలోని సిగ్నల్ శాఖవారు. 1920లో బ్రిటిషు సిగ్నల్స్ దళం వేరుగా ఏర్పడింది. మన దేశంలో అంతకు ముందే, 1911 ఫిబ్రవరి 15న ఫతేగఢ్‌లో సిగ్నల్ కంపెనీలు మొదలైనవి. నేటి భారత సైన్యపు సిగ్నల్స్ దళం ఆ తేదీనే తన జన్మదినంగా జరుపుకొంటున్నది.

మొదటి యుద్ధంలో పేరుపొందిన బండ్లు రెండు. ఒకటి 550 సి.సి. ట్రయంఫ్ హెచ్, దాదాపు 30,000 బండ్లు మిత్రరాజ్యాల సేనలకు పోయినవి. రెండవది రెండు సిలిండర్ల డగ్లస్. ఈ బండ్లకు వెనుక చక్రాన్ని త్రిప్పేది పట్టీ. వాన పడితే అది జారేది. బెల్జియం, ఫ్రాన్సు రోడ్లు కొన్నిచోట్ల పరచిన రాళ్లు, కొన్నిచోట్ల మోకాలిలోతు బురద. అట్టి దారిని రాత్రిపూట దీపం ఆర్పి నడపాలి.

ఈ పనిలో చేతులకంటె కాళ్లకే కష్టం ఎక్కువ. ఇంజనును కాలితో తన్ని లేపాలి. మలుపులో కాలు నేలకు ఆనించి బండిని నిలబెట్టాలి. చీలమండ పక్కనే పొగగొట్టం కాలుతూ ఉంటుంది. ఇంజను నూనె చిందుతుంది, ముందుచక్రం బురద చిమ్ముతుంది. బండి పక్కకు పడితే మొదట నలిగేది కాలే. కాబట్టి కాలినడక సిపాయి బూటు వీరికి చాలదు. మొదటి యుద్ధంలో కొందరు మామూలు బూటుపైన తోలు గెయిటర్లు కట్టుకొనేవారు. కొందరు మోకాలిదాకా లేసులున్న ఎత్తు బూట్లు తొడిగేవారు.

రెండవ యుద్ధం 1939లో వచ్చేనాటికి బండ్లు మారినవి. బి.ఎస్.ఎ. ఎం 20 ఒక్కటే 1,26,000 తయారైనది. నార్టన్, మాచ్‌లెస్, ఏరియల్, రాయల్ ఎన్‌ఫీల్డ్ బండ్లు గూడ వేలకువేలు పోయినవి. కాని రౌతు తొడుగు వెంటనే మారలేదు. మొదట్లో సిపాయిలందరివలె అడుగున ఇనుప మేకులున్న పొట్టి బూట్లు, వాటిపై గెయిటర్లే. ఇనుప మేకు తడిరాతిమీద జారుతుంది. 1942లో మలయా జపానువారి చేతికి చిక్కి రబ్బరుకు కరువు రాగానే, బండి కాలిమెట్టుమీది రబ్బరును గూడ తీసివేసినారు. ఇనుముమీద ఇనుము పడితే ఏమవుతుందో మా రైల్వేవారికి వేరే చెప్పనక్కరలేదు.

ఆ కాలంలోనే మోటారు సైకిలు రౌతులకని ప్రత్యేకమైన బూటు వాడుకలోకి వచ్చింది. అది పిక్కదాకా వస్తుంది. పాదం మెడమీద లేసులు, పైన బిగించడానికి పట్టీ, బకిలు ఉంటవి. బండ్లను వెదికేవారు నేడు ఎక్కువగా వెదికేది ఈ బూటునే.

ఇదే రోజులలో తలకు తొడుగు గూడ వచ్చింది. అరేబియా లారెన్సు అని పేరుపొందిన అధికారి 1935లో మోటారు సైకిలుమీదనుండి పడి మరణించగా, అతనికి చికిత్స చేసిన వైద్యులలో హ్యూ కెయిర్న్స్ ఒకరు. ఆయన తరువాత సైనిక వార్తాహరుల తలగాయాలను పరిశీలించి 1941లో ఒక వ్యాసం ప్రకటించినాడు. ఆ ఏడు నవంబరులో బ్రిటిషు సేన తన రౌతులకు హెల్మెట్టు తప్పనిసరి చేసింది. నేడు మన పిల్లలు పోలీసుకు భయపడి పెట్టుకొనే హెల్మెట్టు వెనుక ఆ వార్తాహరుల తలలు ఉన్నవని జ్ఞాపకముంచుకొనుట మంచిది.

బూటులోపలి ముద్ర

సైనికబూటును చేతికి తీసుకొంటే లోపలనో అడుగుననో కొన్ని ముద్రలు కనబడతవి. తయారుచేసిన కంపెనీ పేరు, సంవత్సరం, కొలత. వీటితోబాటు బాణపు ములికివంటి ఒక గుర్తు. ఆ ములికి బ్రిటిషు ప్రభుత్వపు సొత్తు అని చెప్పే రాజముద్ర. తుపాకిమీద, దుప్పటిమీద, గడియారంమీద గూడ అదే ఉంటుంది.

మేము రైల్వేలో పార్సిళ్ల లెక్క వ్రాసేవారం గనుక మాకు తోచే పోలిక ఒకటి చెప్పుతాము. ఏ పార్సిలుకైనా రెండు పేర్లు ఉండాలి. పంపినవాడు ఒకడు, పుచ్చుకొనేవాడు ఒకడు. ఈ రెండింటిలో ఒకటి చెరిగినా ఆ మూట దిక్కులేనిదై గోదాములో పడి ఉంటుంది. సైనికబూటులో పుచ్చుకొన్నవాని గుర్తు ఉన్నది, అది రాజముద్ర. నడుమ కుట్టిన కంపెనీ పేరు ఉన్నది. పంపినవాని పేరు మాత్రం లేదు. తోలు ఏ ఊరిది, ఊనినవారెవరు అనే మాట ఏ బూటుమీదను ముద్రింపబడలేదు. ఆ పేరును మనం ఇతర చోట్ల వెదకి చేర్చుకోవాలి.

తంగేడు చెక్క

తంగేడు మనకు పరిచయం చేయవలసిన చెట్టు కాదు. తెలంగాణలో బతుకమ్మను పేర్చేది ఆ పూవుతోనే. 2014లో రాష్ట్రం ఏర్పడినపుడు దానినే రాష్ట్రపుష్పంగా ఎన్నుకొన్నారు. తమిళులు దీనిని ఆవారం అంటారు. మెట్టనేలలో, గుట్టలలో, రైలుకట్టల పక్కన తనంతట తానే పెరుగుతుంది. పశువులు పెద్దగా ముట్టవు. అందరూ పూవును చూస్తారు. తోళ్లవారు చూచేది చెక్కను.

పచ్చితోలు రెండు దినాలలో కుళ్లుతుంది. దానిని కుళ్లనీయకుండ చేసేది చెట్టు చెక్కలలోని వగరు. నమిలితే నోరు పిడచకట్టించే ఆ వగరే తోలు నరాలను పట్టి బిగిస్తుంది. మన పల్లెలలో ఈ పని జరిగే చోటును లంద అంటారు. పచ్చితోలును నీటిలో నానవేసి, సున్నపు గుంటలో ఉంచి, వెంట్రుకలు గీకి, లోపలి కండ తీసి, సున్నం పోయేదాకా కడుగుతారు. తరువాత నలగగొట్టిన తంగేడు చెక్క నీటిలో, పలుచని నీటినుండి చిక్కని నీటికి మార్చుతూ, దినాల తరబడి ఉంచుతారు. చివరకు కరక్కాయ నీటిలో ముంచి, నూనె పట్టించి, నీడలో ఆరబెడతారు. వాసన, సున్నపు మంట, వంగిన నడుము, పగిలిన చేతులు, ఇది ఆ వృత్తి.

ఇంత కష్టపడినవారికి ఊరు ఇచ్చిన గౌరవం తెలిసినదే. మోటబానకు తోలు, నాగటికి వారు, డప్పుకు చర్మం, కాలికి చెప్పు, అన్నీ మాదిగవాడలనుండి వచ్చినవే. అవి లేనిదే సేద్యం లేదు. ఆ వస్తువులను ఊరిలోపలికి రానిచ్చి, చేసినవారిని ఊరి వెలుపల ఉంచినాము.

ఈ లందపని పందొమ్మిదవ శతాబ్దంలో పెద్ద వ్యాపారమయింది. పుదుచ్చేరికి చెందిన చార్లెస్ డి సూజా 1840 ప్రాంతంలో మదరాసులో మెరుగైన పద్ధతిని ప్రవేశపెట్టినాడని చెప్పుతారు. 1856 జూలై 1న రాయపురంనుండి వాలాజా రోడ్డుదాకా దక్షిణదేశపు మొదటి ప్రయాణికుల రైలు నడిచింది. ఆ దారి పడమటికి సాగి ఆంబూరు, వాణియంబాడి పట్టణాలను మదరాసు రేవుకు కలిపింది. తోళ్ల వర్తకంలో ఆ పట్టణాల తమిళ ముస్లిము వర్తకులు ముందుకు వచ్చినారు. మదరాసు పెరియమేటు తోళ్ల సంత అయింది. ఊనిన తోళ్లు ఓడలో లండనుకు పోయి అక్కడ వేలంలో అమ్ముడయ్యేవి. మన చిన్న పశువుల తోలును ఇంగ్లీషు వర్తకులు ఈస్టిండియా కిప్పు అనేవారు.

యుద్ధం వచ్చినపుడు ఈ కిప్పు విలువ తెలిసింది. పలుచగా, మెత్తగా, గట్టిగా ఉండి బూటు పైభాగానికి చక్కగా సరిపోయేది. 1916లో ప్రభుత్వం ఈ తోళ్ల వ్యాపారాన్ని తన చేతిలోకి తీసుకొని బ్రిటిషు యుద్ధశాఖకే పంపేటట్లు కట్టుదిట్టం చేసింది. ఇంగ్లండులో నార్తాంప్టన్ బూట్లకు ప్రసిద్ధి; అక్కడి కర్మాగారాలు సైన్యానికి బూట్లు కుట్టినవి. మన దేశంలో కాన్పూరు అట్టిది. అక్కడ 1867లో ప్రభుత్వం గుర్రపుజీనుల కర్మాగారాన్ని నెలకొల్పింది. కూపర్ ఆలెన్ కంపెనీ సైనికబూట్లకు పేరుపొందింది.

తంగేడుకు పోటీ మదరాసులోనే పుట్టింది. 1903లో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ అనే అధికారి మదరాసులో క్రోము ఉప్పుతో తోలు ఊనే ప్రయోగాలు మొదలుపెట్టినాడు. 1912లో చేంబర్స్ అనేవారు పల్లావరం దగ్గర క్రోము తోళ్ల కంపెనీ పెట్టినారు. నేడు లోకల్ రైలులో పోయేవారు చూచే క్రోంపేట స్టేషను పేరు దానినుండి వచ్చినదే. తరువాత దక్షిణాఫ్రికానుండి వాటిల్ అనే తుమ్మజాతి చెక్క గూడ దిగినది. 1948లో అడయారులో కేంద్ర తోళ్ల పరిశోధనాలయానికి శంకుస్థాపన జరిగింది.

ఇక చేతుల సంగతి. కోయంబత్తూరు, ఈరోడు, సేలం ప్రాంతాలలో ఉండే అరుంధతీయులలో చాలమంది ఈనాటికీ ఇంట్లో తెలుగే మాట్లాడుకొంటారు. వారిలో పలువురి పూర్వుల వృత్తి తోలుపని. తెలుగు, కన్నడ సీమలనుండి వలస వచ్చినవారని 1909లో థర్‌స్టన్ దొర తన గ్రంథంలో వ్రాసినాడు. 2009లో తమిళనాడు ప్రభుత్వం షెడ్యూల్డు కులాల వాటాలో వీరికి వేరుగా నూటికి మూడు స్థానాలు కేటాయించింది. వలస వచ్చిన తెలుగువారమని మనం చెప్పుకొనేటపుడు నాయక రాజుల వెంట వచ్చిన దండనాయకులను, అగ్రహారీకులను, వర్తకులను, చేనేతవారిని తలుస్తాము. తంగేడు గుంటలో దిగినవారు గూడ ఆ వలసలోని వారే.

బూటును ఉద్ధరించుట

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాము. పాత సైనికబూటు ఒకరి చేతికి వచ్చింది. ఏమి చేయాలి?

మొదట చేయవలసినది ఏమీ చేయకుండుట. పాలీషు డబ్బా, సబ్బునీళ్లు పక్కన పెట్టి, బూటును వెలుతురులో చూడాలి. ముద్రలన్నీ కాగితంమీద వ్రాసుకొని, ఫోటో తీసుకోవాలి. ఒకసారి నల్లరంగు పూసినారంటే చెరిగిన అక్షరం మరల దొరకదు.

తరువాత ఏ తోలో తెలిసికోవాలి. తోలు తెగిన అంచును చూస్తే లోపలిదాకా గోధుమరంగుగా ఉంటే అది చెక్కతో ఊనినది. నడుమ నీలిబూడిదరంగు కనబడితే క్రోము తోలు. క్రోము తోలు వేడికి ఓర్చుకొంటుంది. చెక్కతోలు తడిసినపుడు పొయ్యి దగ్గర పెడితే ముడుచుకొని బిర్రబిగుసుకొంటుంది, తిరిగి మెత్తబడదు.

మూడవది వ్రేలితో రుద్ది చూచుట. వ్రేలికి ఎర్రని పొడి అంటితే తోలుకు ఎర్రకుళ్లు పట్టినదని అర్థం. దీని వెనుక ఒక కథ కలదు. పందొమ్మిదవ శతాబ్దం చివర లండను గ్రంథాలయాలలో పుస్తకాల తోలు అట్టలు పొడిపొడిగా రాలసాగినవి. కళల సంఘంవారు నిపుణులను నియమించి పరిశీలింపజేసి 1901లోను, 1905లోను నివేదికలు ప్రకటించినారు. బొగ్గుపొగలోని, గ్యాసుదీపాలలోని గంధకం తోలులో చేరి ఆమ్లమై దానిని తినివేస్తున్నదని తేలింది. చెక్కల వగరులో రెండు జాతులు ఉన్నవి. ఒక జాతి ఈ ఆమ్లానికి త్వరగా లొంగుతుంది, ఇంకొకటి చాలవరకు నిలుస్తుంది. మన కరక్కాయ నిలిచే జాతి. మన తంగేడు లొంగే జాతి. ఇండియానుండి పోయిన తోలు పుస్తకాలకు పనికిరాదని ఆ నిపుణులు తీర్పు చెప్పినారు.

ఇది తంగేడుకు మచ్చే, దాచవలసిన పనిలేదు. కాని న్యాయంగా చూస్తే, పుస్తకం వందల ఏండ్లు బ్రతకాలి, సిపాయి బూటు రెండేండ్లు బ్రతికితే చాలు. ఆ రెండేండ్ల పనిని తంగేడు నిర్వహించింది. రెండేండ్లకు చేసిన వస్తువును మనం నూరేండ్లు ఉంచాలని చూడడంవలననే ఈ చిక్కు వచ్చింది.

ఎర్రకుళ్లు పట్టిన తోలుకు నూనె పూయరాదు. పూస్తే నల్లబడి పెళుసెక్కుతుంది. నేటి మ్యూజియంవారు క్లూసెల్ జి అనే జిగురుపొడిని సారాయిలో పలుచగా కలిపి పూసి, రాలే పొడిని అంటిపెడతారు. దానితో బూటు నిలుస్తుందే గాని తొడగడానికి పనికిరాదు.

ఎర్రకుళ్లు లేని తోలైతే మెత్తని కుంచెతో దుమ్ము తీసి, బూజు ఉంటే ఆరుబయట నీడలో ముక్కుకు గుడ్డ కట్టుకొని దులపాలి. ఇత్తడి బకిలు చుట్టూ పచ్చని మైనంవంటిది పేరుకొంటుంది. తోలులోని క్రొవ్వు రాగిని తిని చేసిన వికారమది. వెదురుపుల్లతో మెల్లగా తీస్తే సరిపోతుంది. మేకుల చుట్టూ నల్లని మచ్చలు ఉంటే అవి ఇనుము, వగరు కలిసి పుట్టినవి. మన తాతలు కరక్కాయ, అన్నభేది కలిపి సిరా కాచినది ఈ రసాయనంతోనే. ఆ మచ్చను గీకితే తోలు పోతుంది, మచ్చ పోదు.

ఆ రోజులలో సిపాయిలు బూట్లకు డబ్బిన్ అనే కొవ్వుముద్ద పట్టించేవారు. దానిని చూచి నేడు కొందరు పాతబూటును నూనెలో ముంచినంత పని చేస్తారు. అధికమైన నూనె తోలును నల్లబరచి, వదులు చేసి, దుమ్మును పట్టి ఉంచుతుంది. మ్యూజియంవారు నేడు నూనె జోలికే పోరు. లోపల వార్తాపత్రిక కుక్కడం గూడ తప్పు, ఆ కాగితంలో ఆమ్లం ఉంటుంది. ఉతికిన నూలుగుడ్డ చాలు.

కుట్టు పోయినచోట కుట్టవచ్చును. అవిసెనార దారానికి మైనం పట్టించి, ఆరెతో క్రొత్త చిల్లు పొడవక, పాత చిల్లులలోనుండే చేతితో కుట్టాలి. మిషను క్రొత్త చిల్లులు వేస్తే తపాలాబిళ్ల చినిగినట్లు ఆ వరుసన చినుగుతుంది. అడుగు అరిగితే మార్చవచ్చును. పైతోలుకు, అడుగుకు నడుమ వెల్టు అనే తోలుపట్టీని కుట్టి, దానికి అడుగును కుట్టే పద్ధతిలో చేసిన బూటును మరల మరల విప్పి అడుగు వేయడానికి వీలుంటుంది. 1960 దశకంలో బ్రిటిషు సేనలో రబ్బరు అడుగును అచ్చులో అంటించిన బూట్లు వచ్చినవి. అవి అరిగితే పారవేయవలసినదే. తీసిన పాత అడుగును గూడ చీటీ కట్టి దాచాలి. అందులో ముద్ర ఉండవచ్చును.

బూటును మార్చుట

పాతబూటు తొడుక్కొని పాతబండిమీద ఊరేగాలని కోరిక పుడితే మేము వద్దనే చెప్పుతాము. ఎనభై ఏండ్ల తోలు నిలబెడితే నిలుస్తుంది. కాలు త్రిప్పితే పగులుతుంది. పడినపుడు చీలమండను కాపాడలేదు. మోటారు సైకిలు బూట్లు ఎంత బలంగా ఉండాలో చెప్పే ఐరోపా ప్రమాణం నేడు ఒకటి ఉన్నది. దాని అంకె 13634. రోడ్డెక్కేవారు దాని ప్రకారం చేసిన బూటును గాని, కనీసం క్రొత్త తోలుతో గట్టిగా చేసిన నకలును గాని కొనడం మేలు. తొడగడానికి క్రొత్తది, ఉంచడానికి పాతది. ఈ రెండు ధర్మాలను కలిపితే రెండూ చెడుతవి.

నకలును నకలని అమ్మినంతవరకు తప్పు లేదు. దానికి పాతముద్ర కొట్టి అసలని అమ్మితే అది మోసం. నైలాను దారపు మెరుపు, క్రొత్త జిగురు వాసన, అరుగుదల లేని చోట అక్షరాలు మాత్రం అరిగినట్లుండుట, ఇవి అనుమానించవలసిన గుర్తులు.

ఇట్టి బండ్లు మన చుట్టూ లేకపోలేదు. 1955లో మదరాసు మోటార్సువారు ఇంగ్లండు కంపెనీతో కలిసి ఎన్‌ఫీల్డు ఇండియాను స్థాపించి, తిరువొత్తియూరులో బుల్లెట్టు బండ్లు తయారుచేయసాగినారు. అప్పటికే భారత సైన్యం ఆ బండిని సరిహద్దు కాపలాకు ఎన్నుకొన్నది. తెలుగువారు తరతరాలుగా ఉన్న ఉత్తర చెన్నైనుండే ఆ బండ్లు దేశమంతటికి పోయినవి.

మన కర్తవ్యం

మన దేవాలయాలలో జీర్ణోద్ధరణ అనే మాట ఉన్నది. శిథిలమైన గుడిని భక్తులు చందాలు వేసుకొని బాగుచేయిస్తారు. ఎంతో పుణ్యకార్యం. కాని ఒక్కొక్కచోట ఆ ఉత్సాహంలో గోడమీది శాసనాలకు సున్నం కొట్టివేస్తారు. గుడి మెరుస్తుంది, కట్టించినవాడెవడో, దీపానికి గొర్రెలిచ్చినవాడెవడో తెలియకుండ పోతుంది. బూటు విషయంలోను ఇంతే. కొత్తగా మెరిపించడం ఉద్ధరణ కాదు. అందులో వ్రాసి ఉన్నదానిని నిలపడం, వ్రాయకుండ వదలినదానిని తెలిసికొని పక్కన వ్రాసిపెట్టడం, ఈ రెండూ కలిసినదే ఉద్ధరణ.

మనలో కొన్ని కుటుంబాలవారు సిగ్నల్స్ దళంలోనో, బెంగుళూరు కేంద్రంగా గల మదరాసు శాపర్ల దళంలోనో పనిచేసి వచ్చినవారు. వారి ఇండ్లలో అటకమీద బెల్టు, బూటు, సంచి ఏదో ఒకటి ఉండవచ్చును. దానికి పాలీషు పట్టించే ముందు, పాతఇనుపసామానువానికి వేసే ముందు, ముద్ర చూచి వ్రాసుకొమ్మని మనవి. తాతగారి దళం పేరు, పోయిన దేశాలు, ఇంటికి వచ్చిన సంవత్సరం చీటీమీద వ్రాసి దానితోబాటు ఉంచితే మనుమలకు అది ఆస్తి.

ఇంకొక మనవి ఇంతకంటె ముఖ్యమైనది. తోలుపని చేసిన పెద్దలున్న తెలుగు కుటుంబాలు మన చుట్టూ ఎన్నో ఉన్నవి. పిల్లలు చదువుకొని ఉద్యోగాలలో చేరినారు, మంచిది. కాని తాత చేసిన పని పేరెత్తడానికి సంకోచించేవారు ఉన్నారు. ఆ సంకోచం వారి తప్పు కాదు. వారిని అట్లా చూచిన మిగిలిన మనందరిది. లంద, ఆరె, రంపె, వారు, గూటం, ఇవన్నీ తెలుగు మాటలు. ఈ మాటలు తెలిసిన ముసలివారు నేడు కొద్దిమందే మిగిలినారు. వారు పోతే తమిళదేశపు తెలుగులోనుండి ఒక వృత్తిభాష మొత్తం పోతుంది. పద్యాలు, కీర్తనలు పోకుండ చూచుకొనే సంఘాలు ఈ మాటలను గూడ పోకుండ చూడవలదా? మన ఉగాది సభలలో కవులకు, గాయకులకు శాలువ కప్పుతున్నాము. తంగేడు గుంటలో నలభై ఏండ్లు నిలిచిన ఒక పెద్దాయనను పిలిచి, ముందువరుసలో కుర్చీ వేసి, ఆయన నోట ఆ పని విధానం చెప్పించి వ్రాసుకొంటే, అది ఏ పద్యానికీ తీసిపోదని మా అభిప్రాయం.

ఉగాదినాడు వేపపూవు తింటాము, మామిడాకు కట్టుతాము. తంగేడు పూవుకు ఆ పండుగలో చోటు లేదు. దాని కాలం వేరు. అయినా ఈ ఏడు ప్రయాణంలో రైలుకట్ట పక్కన ఆ పసుపుపచ్చని గుబురు కనబడినపుడు, దాని చెక్క ఎంత దూరం పోయినదో, ఎవరి చేతిమీదుగా పోయినదో మన పిల్లలకు ఒక్కసారి చెప్పుదాము. పార్సిలుమీద చెరిగిన పేరును తిరిగి వ్రాయడానికి అది మొదలు.